నాపా, సోనోమా వెళ్తున్నారా? వైనరీ టేస్టింగ్ రూమ్‌లలో ఒక రోజు ఎలా గడపాలి

శాన్ ఫ్రాన్సిస్కో వచ్చినవాళ్లు, కొత్తగా బే ఏరియాకి మారినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "నాపాలో ఏ వైనరీ బాగుంటుంది?" నాపా, సోనోమా అంటే శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న ద్రాక్షతోటల ప్రాంతాలు. వైనరీ అంటే వైన్ చేసే చోటు, అక్కడి టేస్టింగ్ రూమ్‌లో కొన్ని రకాలు కొంచెం కొంచెం పోసి రుచి చూపిస్తారు. వైనరీ పేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: కారు ఎవరు నడుపుతారు, ఆ రోజు మొత్తం ఎన్ని చోట్లకి వెళ్తారు. ఈ రెండూ కుదిరితే పెద్దగా పేరులేని వైనరీలో కూడా హాయిగా గడుస్తుంది. కుదరకపోతే ఎంత గొప్ప చోటికి వెళ్లినా సాయంత్రానికి ఏ వైన్ ఎక్కడ తాగారో కూడా గుర్తుండదు.

ఇది మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. వైన్ గురించి ఏమీ తెలియకపోయినా ఇబ్బంది లేదు.

వెంట ఉండాల్సినవి

- ఒరిజినల్ ఐడీ. 21 ఏళ్లు నిండనివాళ్లకి పోయరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో వెంట ఉంటే వాళ్ల పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. జిరాక్స్ కాపీ, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. పెద్దవాళ్లని ఐడీ అడగరులే అనుకోవద్దు.
- ఆ రోజంతా తాగని డ్రైవర్.
- మనిషికో నీళ్ల సీసా, ఉప్పూ కారం లేని బిస్కెట్లు లేదా బ్రెడ్.
- వేసవి అయితే కారులో ఐస్ బాక్స్. కొన్న సీసాల కోసం.
- పల్చటి స్వెటర్. బయట ఎండ మండుతున్నా, వైన్ పీపాలు పెట్టే గుహల్లో 13 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉంటుంది.
- రాసుకోడానికి చిన్న పుస్తకం లేదా ఫోన్.

1. ముందు డ్రైవర్‌ని ఖాయం చేసుకోండి

"కొంచెం కొంచెమే కదా పోస్తారు, ఏమవుతుంది?" అనేవాళ్లు ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక టేస్టింగ్‌లో సాధారణంగా నాలుగైదు రకాలు ఇస్తారు. ఒక్కోటి 1 నుంచి 2 ఔన్సులు, అంటే 30 నుంచి 60 మిల్లీలీటర్లు. 2 ఔన్సుల చొప్పున ఐదు రకాలంటే 10 ఔన్సులు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 5 ఔన్సులు. నాపా రెడ్ వైన్లలో 14.5 శాతం ఉండటం మామూలే. ఆ లెక్కన ఒక్క వైనరీలోనే రెండున్నర డ్రింకులకు దగ్గరగా పడుతుంది. మూడు వైనరీలు తిరిగితే ఏడు. మధ్యలో భోజనం చేసినా, కాఫీ తాగినా ఒంట్లో చేరిన ఆల్కహాల్ తగ్గిపోదు. అది దిగడానికి గంటలు పట్టాల్సిందే.

కాలిఫోర్నియాలో 21 దాటినవాళ్లకి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. అంతకన్నా తక్కువున్నా, మత్తు వల్ల బండి సరిగా నడపలేకపోతున్నారని తేలితే కేసు పెట్టొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో ముప్పు ఉంది. తాగి నడిపి అరెస్టయితే, కోర్టులో నేరం రుజువు కాకముందే అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) వీసా రద్దు చేసే అవకాశం ఉంది. ఈ విషయంలో నేను మొహమాటపడకుండా చెప్తాను: డ్రైవర్ దొరకకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి.

దారులు ఇవి:

- మీలో ఒకరు పూర్తిగా మానెయ్యడం. ఆ ఒక్కరికీ రోజు వృథా కాకుండా మంచి భోజనం, తోట చూపించే టూర్ ఉన్న వైనరీని ఎంచుకోండి.
- మీ కారునే నడిపే డ్రైవర్‌ని గంటల లెక్కన పెట్టుకోవడం. నలుగురు పంచుకుంటే భారం అనిపించదు.
- కారు అవసరమే లేని చోటికి వెళ్లడం. నాపా ఊరి మధ్యలో, సోనోమా ఊరి ప్లాజా చుట్టూ, సోనోమా కౌంటీలోనే ఉన్న హీల్డ్స్‌బర్గ్ ప్లాజా చుట్టూ నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో చాలా టేస్టింగ్ రూమ్‌లున్నాయి. తోటలు కనిపించవు, వైన్ మాత్రం అదే.

ఊబర్, లిఫ్ట్ నాపా ఊళ్లో బాగానే దొరుకుతాయి. లోయ ఉత్తరపు కొసన కాలిస్టోగా వైపో కొండల మీదో ఉన్న వైనరీకి అలా వెళ్తే, తిరిగి రావడానికి బండి దొరక్క ఇరుక్కుపోవచ్చు. అక్కడ కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందదు.

2. ఒక ప్రాంతం పట్టుకుని దానికే కట్టుబడండి

నాపా వ్యాలీ దాదాపు 30 మైళ్ల పొడవున్న సన్నటి లోయ. దక్షిణాన నాపా ఊరు, పైకి వెళ్తుంటే వరసగా యౌంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్, సెయింట్ హెలీనా, చివర కాలిస్టోగా. పడమటి పక్క హైవే 29, తూర్పు పక్క సిల్వరాడో ట్రయల్. రెండింటినీ కలుపుతూ అడ్డ రోడ్లుంటాయి. వారాంతంలో హైవే 29 నిండిపోతుంది, ఎడమ వైపు తిరగడానికే నిమిషాలు పడుతుంది. దగ్గర దగ్గరగా, వీలైతే రోడ్డుకి ఒకే పక్కన ఉన్న వైనరీలు చూసుకోండి. పైకీ కిందకీ పోవాలంటే హైవే కన్నా సిల్వరాడో ట్రయల్ నయం.

మీకు ఏం నచ్చుతుందో కొంచెం తెలిస్తే ప్రాంతం ఎంచుకోవడం తేలిక. గట్టి రెడ్ కావాలంటే నాపా. అక్కడ రాజ్యం కాబర్నే సావిన్యోన్ అనే ద్రాక్ష రకానిదే. 1976లో పారిస్‌లో పేర్లు దాచి జరిపిన టేస్టింగ్‌లో (బ్లైండ్ టేస్టింగ్) ఫ్రెంచ్ జడ్జీలే రెడ్‌లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ కాబర్నేకి, వైట్‌లలో షాతో మాంటెలీనా షార్డొనేకి మొదటి స్థానాలిచ్చారు. నాపా పేరు ప్రపంచమంతా పాకింది అప్పుడే. ఆ రెండు వైనరీలకూ ఇప్పుడు కూడా వెళ్లొచ్చు. తేలికపాటి రెడ్, అంటే పీనో నువార్ కావాలంటే సోనోమాలోని రష్యన్ రివర్ వ్యాలీ. జిన్‌ఫండెల్ అనే ఇంకో రకం రెడ్ కోసం సోనోమాలోనే ఉన్న డ్రై క్రీక్ వ్యాలీ. బుడగల వైన్ ఇష్టమైతే నాపా, సోనోమాలకి ఉమ్మడిగా దక్షిణాన ఉన్న కార్నెరోస్. అది శాన్ పాబ్లో బేకి దగ్గర కాబట్టి పొగమంచు, చల్లదనం ఎక్కువ.

ఏమీ తెలియదంటారా? సోనోమాతో మొదలుపెట్టండి. చాలావరకు ఖర్చు తక్కువ, హడావిడి తక్కువ, ద్రాక్ష రకాలు ఎక్కువ. నాపా, సోనోమా రెండూ ఒకే రోజు చూసేద్దామనుకునేవాళ్లు మాత్రం రోజులో సగం కారులోనే గడుపుతారు.

3. రిజర్వేషన్ చేయండి, షరతులు చదవండి

దారిలో బోర్డు చూసి లోపలికి వెళ్లడం నాపాలో చాలాచోట్ల కుదరదు. 1990లో నాపా కౌంటీ తెచ్చిన నియమం ప్రకారం, ఆ తర్వాత వచ్చిన వైనరీలు ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లకే టేస్టింగ్ ఇవ్వాలి. సోనోమాలో కొన్ని చోట్ల నేరుగా వెళ్లొచ్చు, కానీ వారాంతాల్లో అక్కడా బుక్ చేసుకోవడమే మంచిది. వైనరీ వెబ్‌సైట్‌లో గానీ, బుకింగ్ యాప్‌లలో గానీ ఖాళీలు కనిపిస్తాయి.

రోజుకి రెండు వైనరీలు చాలు. మూడు గరిష్ఠం. కూర్చోబెట్టి ఇచ్చే టేస్టింగ్ ఒక్కోటి గంట నుంచి గంటన్నర పడుతుంది. చాలా వైనరీలు సాయంత్రం నాలుగున్నర, ఐదుకల్లా మూసేస్తారు. కాబట్టి ఉదయం పదిన్నరకి ఒకటి, పన్నెండున్నరకి స్థిమితంగా భోజనం, రెండింటికి ఇంకొకటి. మూడోది తప్పదనుకుంటే మూడున్నరకి, అదీ పక్కనే ఉంటేనే. ఒకటి పెద్దది, టూర్ ఉన్నది, ఇంకొకటి చిన్న కుటుంబం నడిపేది అయితే తేడా బాగా తెలుస్తుంది.

బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి:

- ఫీజు మనిషికి ఎంత, ఎన్ని సీసాలు కొంటే మాఫీ అవుతుంది. నాపాలో మనిషికి 50 డాలర్లు దాటడం మామూలు విషయం. పేరున్నచోట 100 కూడా దాటుతుంది.
- ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. 24 గంటలనేవాళ్లున్నారు, 48 అనేవాళ్లూ ఉన్నారు.
- తాగనివాళ్లకీ ఫీజు ఉందా. తాగని అమ్మని, డ్రైవర్‌ని కూడా లెక్కలో వేసే చోట్లున్నాయి.
- పిల్లల్ని రానిస్తారా. చాలా వైనరీలు 21 ఏళ్లలోపు వాళ్లని లోపలికే రానివ్వరు. స్ట్రోలర్‌తో గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం కంటే ముందే ఫోన్ చేయడం నయం.
- ఆరుగురు దాటితే విడిగా ఫోన్ చేసి అడగాలా.

వీలుంటే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా ద్రాక్ష కోతలు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, జనమూ అలాగే ఉంటారు. జనవరి నుంచి మార్చి మధ్య తీగలు మోడువారి ఉంటాయి గానీ, సాళ్ల మధ్య ఆవాలు పూసి లోయంతా పసుపు పరుచుకుంటుంది. పోసేవాళ్లకి మీతో మాట్లాడే తీరిక కూడా అప్పుడే. నన్నడిగితే అదే మంచి సమయం.

4. ఆ ఉదయం

కడుపు నిండా తినండి, కానీ బాగా కారం ఉన్నవి, వెల్లుల్లి దట్టించినవి వద్దు. నోరు మండుతుంటే సున్నితమైన రుచి ఏదీ తెలియదు. పెర్ఫ్యూమ్, గాఢమైన వాసన ఉన్న లోషన్ రాసుకోవద్దు. మీ ముక్కునే కాదు, పక్క బల్ల వాళ్ల ముక్కునీ అది చెడగొడుతుంది. టేస్టింగ్‌కి కాస్త ముందు పళ్లు తోముకోవడం, పుదీనా చూయింగ్ గమ్ నమలడం కూడా వద్దు. ఏవైనా మందులు వాడుతుంటే వాటితో ఆల్కహాల్ పడుతుందో లేదో డాక్టర్‌ని ముందే అడగండి.

5. గ్లాసు చేతికొచ్చాక

గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి. గిన్నె భాగం పట్టుకుంటే అరచేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది.

మెనూ కాగితం మీదకి గ్లాసుని వాల్చి రంగు చూడండి. వయసు పెరిగే కొద్దీ రెడ్ వైన్ అంచు ఊదా నుంచి ఇటుక రంగుకి తిరుగుతుంది, వైట్ బంగారు రంగుకి ముదురుతుంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ముందు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. తర్వాత గ్లాసు అడుగుని బల్లకే ఆనించి గుండ్రంగా తిప్పండి. గాల్లో తిప్పితే పక్కవాళ్ల బట్టల మీద పడుతుంది. రెండోసారి ముక్కు గ్లాసు లోపలి దాకా పెట్టి చూడండి. తేడా తెలుస్తుంది. మెనూలో బ్లాక్‌బెర్రీ, సెడార్ అని రాసి ఉన్నవి మీకు తట్టకపోతే దిగులు పడొద్దు. నేరేడు, మిరియం, తడిసిన మట్టి, ఎండు ద్రాక్ష, లవంగం: మీ ముక్కుకి తెలిసిన వాసనల పేర్లే పెట్టుకోండి. గుర్తుండేవి కూడా అవే.

చిన్న గుక్క నోట్లో పోసుకుని నాలుగైదు సెకన్లు అటూ ఇటూ తిప్పండి. మూడు విషయాలు గమనించండి. నోరు ఊరుతోందా? అది పులుపు. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తున్నాయా? ఆ వగరు టానిన్‌ది, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థానిది. గొంతులో వేడి తగులుతోందా? అది ఆల్కహాల్. ఏ ఒక్కటీ మిగతావాటిని మింగెయ్యకుండా ఉంటే ఆ వైన్ కుదిరిందన్నమాట. మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు నిలిచిందో చూడండి. రెండు సెకన్లలో మాయమైతే ఒక లెక్క, పది సెకన్ల తర్వాత కూడా నోట్లో ఉంటే ఇంకో లెక్క.

ఇక ఉమ్మడం. మనవాళ్లు ఎక్కువ సిగ్గుపడేది ఇక్కడే. బల్ల మీదున్న చిన్న బకెట్ అలంకారానికి కాదు, ఉమ్మడానికీ, మిగిలింది పారబోయడానికీ పెట్టిందే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా ఉమ్ముతారు. దగ్గరికి వంగి, పెదాలు సున్నాలా చుట్టి, సన్నటి ధారగా వదలండి. జంకుగా ఉంటే విడిగా ఒక కప్పు అడగండి, ఇస్తారు. నచ్చని వైన్ పారబోస్తే పోసినవాళ్లు నొచ్చుకోరు. డబ్బులిచ్చాం కదా అని ప్రతి చుక్కా తాగేవాళ్లకి నాలుగో గ్లాసు నుంచి అన్నీ ఒకేలా అనిపిస్తాయి, డబ్బు వృథా అయ్యేది అప్పుడు. ఇద్దరికి కలిపి ఒకే టేస్టింగ్ తీసుకోవచ్చా అని అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు.

ఇచ్చిన వరస మార్చొద్దు: బుడగలవి, వైట్, రోజే అనే గులాబీ రంగు వైన్, తేలిక రెడ్, గట్టి రెడ్, చివర తియ్యటివి. గట్టి రెడ్ తర్వాత వైట్ తాగితే నీళ్లలా అనిపిస్తుంది. రెండు వైన్ల మధ్య ఒక గుక్క నీళ్లు, ఒక బిస్కెట్ ముక్క.

ఎప్పుడైనా తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గది లాంటి వాసన వస్తే అది కార్క్ వల్ల పాడైన సీసా. "ఈ సీసా ఒకసారి చూస్తారా?" అని నెమ్మదిగా అడిగితే వేరేది తెరుస్తారు. అందులో తప్పేమీ లేదు.

ప్రతి వైన్‌కీ ఒక్క లైను రాయండి: పేరు, సంవత్సరం, మీకు తోచిన ఒక మాట, ఇంటికి కొంటారా లేదా. లేబుల్ ఫొటో ఒక్కటే తీసుకుంటే చాలదు. సాయంత్రానికి ఫోన్‌లో ఫొటోలుంటాయి గానీ ఏది నచ్చిందో ఉండదు.

6. శాకాహారులు అడగాల్సిన ప్రశ్న

వైన్ ద్రాక్షతోనే చేసినా, తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల నుంచి తీసిన కేసీన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసిన్‌గ్లాస్ వాడతారు. తర్వాత వాటిని తీసేస్తారు గానీ, వాడిన సంగతి లేబుల్ మీద ఉండకపోవచ్చు. ఈ తేటపరచడాన్నే ఫైనింగ్ అంటారు. నియమంగా ఉండేవాళ్లు "ఫైనింగ్‌కి ఏం వాడారు?" అని అడగండి. బెంటోనైట్ అంటే బంకమట్టి, ఇబ్బంది లేదు. అసలు ఫైనింగే చేయలేదన్నా సరే. అలాగే, ఫుడ్ పెయిరింగ్, అంటే వైన్‌కి జతగా తిండి కూడా ఇచ్చే టేస్టింగ్ బుక్ చేస్తే శాకాహారం కావాలని అప్పుడే రాయండి. అక్కడికెళ్లి చెప్తే మాంసం తీసేసిన పళ్లెం తప్ప ఇంకేమీ చేయలేరు.

7. కొనేటప్పుడు, క్లబ్బులో చేరమన్నప్పుడు

కొనాలన్న నియమం లేదు. నచ్చకపోతే ధన్యవాదాలు చెప్పి ఫీజు కట్టి వచ్చెయ్యండి. బాగా చూసుకున్నవాళ్లకి టిప్ ఇవ్వడం మర్యాద, తప్పనిసరి కాదు.

ఎక్కువ మంది చేసే పొరపాటు, మామూలు షాపుల్లో దొరికే సీసాని అక్కడ పూర్తి ధరకి కొనడం. పెద్ద వైనరీల వైన్ బయట చాలాసార్లు తక్కువకే వస్తుంది. ఫోన్‌లో ధర చూడండి. వైనరీలో మాత్రమే అమ్మేవి, చిన్న మొత్తంలో చేసేవి అక్కడ కొనండి. ఫీజు మాఫీ కోసం అక్కర్లేని సీసా కొనడం లాభం కాదు.

చివర్లో వైన్ క్లబ్ మాట వస్తుంది. చేరితే వైనరీ ఏడాదిలో కొన్నిసార్లు సీసాలు పంపుతుంది, డబ్బు మీరు కడతారు. ఆ రోజు ఫీజు ఉండదు, డిస్కౌంట్ ఉంటుంది, మనసు కూడా తేలికగా ఉంటుంది. సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు: ఏడాదికి ఎన్నిసార్లు పంపుతారు, ఒక్కోసారి షిప్పింగ్‌తో కలిపి ఎంత, కనీసం ఎన్ని తీసుకున్నాక మానొచ్చు, మానాలంటే ఎలా చెప్పాలి. జవాబులు కాగితం మీద చూడండి. నా సలహా, ఆ రోజు చేరొద్దు. వారం తర్వాత కూడా చేరాలనిపిస్తే ఆన్‌లైన్‌లో చేరొచ్చు.

8. సీసాలు ఇంటికి చేర్చడం

నాపాలో వేసవి మధ్యాహ్నం 32 డిగ్రీలు దాటడం మామూలే. మూసి ఉన్న కారులో వేడి ఇంకా ఎక్కువ. భోజనం చేసి వచ్చేలోపు వైన్ ఉడికిపోతుంది, కార్క్ పైకి తన్నుకొస్తుంది. ఐస్ బాక్స్ అందుకే. లేదంటే చివరి వైనరీలోనే కొనండి, లేదా షిప్పింగ్ పెట్టించండి.

తెరిచిన సీసా కారులో మనుషులు కూర్చునే చోట ఉండటం కాలిఫోర్నియాలో నేరం. కార్క్ తిరిగి బిగించినా సరే, డిక్కీలో పెట్టాల్సిందే.

షిప్పింగ్ అయితే అందుకునేటప్పుడు 21 దాటినవాళ్లు సంతకం చేయాలి. ఇంట్లో ఎవరూ ఉండరంటే ఆఫీసు అడ్రసో, కొరియర్ పికప్ సెంటరో ఇవ్వండి. అన్ని రాష్ట్రాలకీ పంపరు, మీ రాష్ట్రం పేరు చెప్పి అడగండి. ఎండలు ముదిరితే చల్లబడ్డాక పంపమనండి. విమానంలో అయితే చేతి సామానులో కుదరదు, చెక్-ఇన్‌లో పెట్టాలి. ఇండియాకి పట్టుకెళ్తుంటే సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పడతాయి, మూడోది పరిమితి దాటిస్తుంది.

9. సరిగ్గా జరిగిందో లేదో చూసుకోండి

ఇంటికొచ్చిన సాయంత్రం నోట్సు చూడకుండా ఆ రోజు తాగిన వైన్లలో రెండింటి గురించి చెప్పగలరేమో ప్రయత్నించండి. చెప్పలేకపోతే ఈసారి ఒక వైనరీ తగ్గించండి, ఎక్కువ ఉమ్మండి.

పార్సెల్ రాగానే పెట్టె తెరిచి ప్రతి సీసా చూడండి. కార్క్ మూత పైకి ఉబ్బినా, సీసా మెడ జిగురుగా ఉన్నా, వేడికి కారిందని అర్థం. ఫొటో తీసి వెంటనే వైనరీకి పంపండి. బిల్లులో ఉన్న సంవత్సరం, సీసా మీదున్న సంవత్సరం ఒకటేనా చూడండి. అన్నీ బాగుంటే వెంటనే తెరవకుండా, ఎండ తగలని చల్లటి చోట పడుకోబెట్టి రెండు వారాలు వదిలేయండి. ప్రయాణంలో కుదుపులకి గురైన వైన్ రుచీ వాసనా కొన్నిసార్లు ముడుచుకుపోయినట్టు ఉంటాయి.

తెరిచే రోజున ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. వైనరీలో కొన్న సీసా, అదే రకం ద్రాక్షతో చేసిన షాపు సీసా, రెండింటికీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఇంట్లో ఎవరినైనా పోయమనండి. ఏది నచ్చిందో రాసుకున్నాక ఫాయిల్ విప్పండి. షాపు సీసానే నచ్చితే, అక్కడ మిమ్మల్ని కట్టిపడేసింది చుట్టూ ఉన్న తోట. వైనరీ సీసా నచ్చితే, ఇంకో రెండు ఆర్డర్ చేయండి.